సిక్కోలు గుళ్ల దారిలో

శనివారం, శ్రీకూర్మం

సిక్కోలులో, అంటే శ్రీకాకుళంలో గుళ్లు చూడాలంటే వారం చూసుకుని బయల్దేరాలని పెద్దమ్మ లెక్క. శనివారం కూర్మనాథుడు, ఆదివారం సూర్యనారాయణుడు, సోమవారం ముఖలింగేశ్వరుడు. జనం ఎక్కువుండే రోజులే ఏరి మరీ పెట్టావే అన్నాను. "జనం లేని గుడికెళ్లి ఏం చూస్తావమ్మా, గోడలా?" అంది. నేను గోడల కోసమే వచ్చానని ఆవిడకి తెలుసు. ఇక్కడి శిల్పాలు, శాసనాలు చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ఆవిడేమో పెదనాన్న ఉద్యోగంతో శ్రీకాకుళం వచ్చినప్పటి నుంచీ ఈ దేవుళ్లకి మొక్కులు తీర్చుకుంటూనే ఉంది. ఆవిడ పక్కన లేకపోతే నాకు ఈ గుళ్లు సగమే కనబడేవి.

బస్టాండు దగ్గర బండి మీద టిఫిన్. మా గుంటూరు వైపు అల్లం పచ్చడి, కారప్పొడి లేకుండా ఇడ్లీ గొంతు దిగదు. ఇక్కడ శెనగపిండితో, ఉల్లిపాయ పచ్చిమిర్చి ముక్కలు వేసి ఉడికించిన బొంబాయి చట్నీని పొగలు కక్కుతుండగానే గరిటెతో ఇడ్లీల మీద పోసేస్తారు. నాలుగు ఇడ్లీలు ముప్పై రూపాయలు. చట్నీ రెండోసారి అడక్కుండానే పోశాడు, మూడోసారి వద్దన్నా పోశాడు.

శ్రీకూర్మం గార మండలంలో ఉంది, పట్నం నుంచి ఎంతో దూరం కాదు. సంక్రాంతి వెళ్లిన వారం కాబట్టి వరి కోతలు అయిపోయి, మళ్లల్లో మినుము పచ్చగా లేచి ఉంది. గుడి ముందు శ్వేత పుష్కరిణి. గట్టు మీద ఒక కుటుంబం కూర్చుని పిండప్రదానం చేస్తోంది. విజయనగరం దగ్గరి పల్లె నుంచి వచ్చారట. తండ్రి పోయి ఏడాది అయింది. కాశీ దాకా వెళ్లలేని వాళ్లు ఇక్కడికే వచ్చి పితృకార్యాలు చేసుకుంటారు, అస్థికలు ఈ పుష్కరిణిలోనే కలుపుతారు. పెద్దకొడుకు గుండు చేయించుకుని తడిబట్టల్లో వణుకుతుంటే, తల్లి కాబోలు, తన శాలువా తీసి అతని భుజాల మీద వేసింది. పంతులుగారు మంత్రం ఆపి, "పరవాలేదు, ఉంచుకో నాయనా" అన్నారు. నియమం తెలిసిన మనిషే ఆ చలికి ఆ కుర్రాడిని వదిలేయడం నాకు నచ్చింది.

విష్ణుమూర్తిని కూర్మావతారంలో మూలవిరాట్టుగా కొలిచే ప్రసిద్ధ క్షేత్రం ఇదే. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. అందుకే ఇక్కడ రెండు ధ్వజస్తంభాలు: తూర్పున ఒకటి, పడమర ఒకటి. గర్భాలయంలో నిలువెత్తు విగ్రహం కోసం చూస్తే కనపడదు. నేలకు దగ్గరగా నల్లటి రాతి రూపం, దీపం వెలుగులో తల, వీపు, తోక అని అర్చకులు చూపిస్తే గానీ కన్ను పట్టుకోలేదు. రామానుజులు వచ్చినప్పుడు ముందు దీన్ని శివలింగమనుకున్నారని, తర్వాత కూర్మరూపమని గ్రహించారని స్థల కథ. ఆ రూపం ముందు నిలబడితే ఆ కథ ఎలా పుట్టిందో అర్థమవుతుంది. వైష్ణవాలయాల్లో అరుదైన నిత్యాభిషేకం కూడా ఇక్కడ జరుగుతుంది.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ప్రదక్షిణ మండపంలో. గోడల మీద పాత వర్ణచిత్రాలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నల్లగీత. కృష్ణలీలలు, విష్ణు రూపాలు. భుజం ఎత్తు వరకూ రంగు చాలాచోట్ల పోయింది. తరతరాలుగా జనం ఆనుకుని, చేత్తో రాసుకుంటూ తిరిగిన ఎత్తు అది. దానిపైన మాత్రం ముఖాలు ఇంకా బతికే ఉన్నాయి, ముఖ్యంగా కళ్లు. ఒకచోట ఎవరో మేకుతో తమ పేరు, పక్కన ఇంకో పేరు గీకి పెట్టారు. ఆ గీత ఒక గోపిక నడుము మీదుగా పోయింది. కడుపులో దేవినట్టయింది. రంగు నూరి, గీత గీసి, ఒక్కొక్క నగ దిద్దిన చిత్రకారుడి పేరు ఆ గోడమీద ఎక్కడా లేదు. పిన్నీసంత మేకుతో వచ్చినవాడి పేరు ఉంది.

గుడిలో రాతి మీద నిలిచిన పేర్లు వేరే ఉన్నాయి. స్తంభాల మీద 11వ శతాబ్దం నుంచీ శాసనాలున్నాయి. వాటిలో 1281 నాటిది నాకు ముఖ్యం. ద్వైత మతాచార్యులైన మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులు కళింగంలో గంగరాజుల కొలువులో అధికారం నడిపిన సన్యాసి. కూర్మనాథుడి ఎదుట యోగానంద నరసింహస్వామి గుడి కట్టించినట్టు ఆ శాసనం చెబుతుంది. రామానుజుల కథ చెప్పుకునే వైష్ణవ క్షేత్రంలో ఒక మాధ్వ సన్యాసి నరసింహుడిని నిలపడం, రెండూ నేటికీ పూజలందుకోవడం ఉత్తరాంధ్ర మనసు తీరు.

పెద్దమ్మ ఈలోగా తాబేళ్ల దగ్గర చేరింది. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు, వీపు మీద పసుపు చారలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. ఆకుకూరలమ్మే అమ్మ "తోటకూర తీసుకోండమ్మా, ఇష్టంగా తింతాయి" అంటూ కట్ట చేతిలో పెట్టేసింది. పది రూపాయలు. బతికున్న జీవాన్ని కట్టేసి చూపించడం నాకు మొదట ఇబ్బందిగానే తోచింది. కానీ ఆ అమ్మ తన కట్టలోంచి పుచ్చు ఆకులు ఏరి పారేసి, లేతవి విడిగా పెట్టి, "ఇది ముసల్ది, దీనికి కాడలు పెట్టకండి" అని చెబుతుంటే కాసేపు అక్కడే కూర్చున్నాను. ఫాల్గుణంలో డోలోత్సవానికి రమ్మని కూడా చెప్పింది. మూడు రోజుల ఆ పండక్కి ఊరు ఊరంతా రంగు పూసుకుంటుందట.

రాత్రి ఇంట్లో వంకాయ ఆవపెట్టిన కూర, ఉల్లిచారు. ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్లనీళ్లు తిరిగితే గానీ కూర కుదిరినట్టు కాదని పెద్దమ్మ నమ్మకం.

ఆదివారం, అరసవల్లి

అరసవల్లి పట్నంలో కలిసిపోయింది, ఆటోకి ఇరవై రూపాయలు. ఆదివారం కాబట్టి తెల్లారకముందే వరుస రోడ్డు దాకా వచ్చేసింది. రథసప్తమి దగ్గరపడటంతో పందిళ్ల కర్రలు దించుతున్నారు. ఆ అర్ధరాత్రి నుంచే స్వామికి క్షీరాభిషేకం మొదలవుతుంది, నిజరూప దర్శనం దొరికేది ఆ ఒక్క రోజే. జిల్లా అంతా ఇక్కడే ఉంటుంది.

గుడి పునాది కథ 7వ శతాబ్దపు కళింగ రాజు దేవేంద్రవర్మ దాకా పోతుంది. ఇప్పుడు మనం చూసే కట్టడంలో చాలా భాగం 18వ శతాబ్దంలో తిరిగి కట్టింది. అందుకని రాతి పనితనం వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి ఇక్కడ పెద్దగా ఏమీ దొరకదు. విగ్రహం సంగతి వేరు. నల్లరాతి సూర్యుడు, రెండు చేతుల్లో తామర మొగ్గలు, పాదాల దగ్గర ఏడు గుర్రాలు, పక్కన ఉషా ఛాయా దేవేరులు. ఏడాదికి రెండు విడతలు, మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ, ఉదయపు కిరణాలు అనివెట్టి మండపం దాటి లోపలికి వచ్చి మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. ఉత్తరాయణ దక్షిణాయన మార్పుల్లో సూర్యుడు ఒకే కోణంలోకి వచ్చే రోజులవి. మేం వెళ్లింది ఆ రోజుల్లో కాదు. అయినా వరుసలో నిలబడ్డ ఒక పెద్దాయన వాకిలి నుంచి గర్భాలయం దాకా వేలితో గీత గీసినట్టు చూపించి, "మబ్బు పట్టకపోతే చాలమ్మా, ఒక్క నిమిషం వచ్చినా చాలు" అన్నాడు. చాలాసార్లు వచ్చాడట, మబ్బు పట్టి చూడకుండా వెనక్కి వెళ్లిన సంవత్సరాలూ ఉన్నాయట. చెబుతున్నప్పుడు ఆ గొంతులో నిష్ఠూరం లేదు.

బయట ఎండలో సూర్యనమస్కారాలు చేయించుకునేవాళ్లు, ఇంద్ర పుష్కరిణి దగ్గర తలనీలాలు ఇచ్చేవాళ్లు. పెద్దమ్మకి కంటి ఆపరేషన్ అయినప్పటి మొక్కు ఒకటి ఉండిపోయింది. వెండి కళ్లు కొనడానికి దుకాణంలో బేరం ఆడబోతే నేనే ఆపాను. "మొక్కు సామానికి బేరమాడకూడదనా? దేవుడికి ఇచ్చేది ఇస్తాను, కొట్టువాడికి ఎక్కువెందుకు ఇవ్వాలి?" అని నన్నే కసిరి, రెండొందలు చెప్పింది నూట అరవైకి తీసుకుంది.

సోమవారం, శ్రీముఖలింగం

జాతీయ రహదారి మీద నరసన్నపేట దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. రానూపోనూ, అక్కడ ఆగినంతసేపు ఆగడానికి ఎనిమిది వందలు. జలుమూరు దాటాక ఫోనులో మ్యాపు మమ్మల్ని ఒక కాలవగట్టు ఎక్కించింది. గట్టు సన్నగిల్లి, చివరికి చెరకు తోటలో తేలింది. తోటలో పనిచేస్తున్నాయన మమ్మల్ని చూడగానే, "ముఖలింగానికేనా? అందరూ ఇటే వస్తన్నారు, ఆ ఫోన్లో ఏటుందో తెల్దు" అని, రెండు చెరకు గడలు విరిచి ఆటోలో పెట్టి, వెనక్కి తిప్పుకునే దారి చూపించాడు. డబ్బులు తీసుకోలేదు.

శ్రీముఖలింగం వంశధార ఎడమ ఒడ్డున ఉన్న మామూలు పల్లె. వీధి అరుగుల మీద ధాన్యం బస్తాలు, గోడలకి పిడకలు, మధ్యలో ఒక్కసారిగా వెయ్యేళ్ల శిఖరం. ఒకప్పుడు ఇదే కళింగనగరం, తూర్పు గంగరాజుల రాజధాని. ఆ వంశంలోని అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో పట్టాభిషిక్తుడయ్యాడు. అతని తల్లి రాజసుందరి చోళ రాజకుమార్తె. తర్వాత రాజధాని కటకానికి (ఇప్పటి ఒడిశాలోని కటక్) మారింది, అతని చేతుల మీదుగానే పూరీ జగన్నాథాలయ నిర్మాణం మొదలైంది. మరో వందేళ్లకి అదే వంశపు నరసింహదేవుడు కోణార్క కట్టాడు. కోణార్కకి లక్షలమంది వెళ్తారు. ఆ వంశపు తొలి అడుగులు పడింది మన ఊళ్లోనని మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. ఆ బాధ నాకు చాలా ఏళ్లుగా ఉంది.

ఊళ్లో మూడు గుళ్లు: మధుకేశ్వరం, భీమేశ్వరం, సోమేశ్వరం. మొదటిది పెద్దది, పాతది, ముఖలింగేశ్వరుడు ఉండేది అందులోనే. సోమవారం జనంలో శిల్పాల వైపు తల తిప్పే వీల్లేదు. గుమ్మం దగ్గరకి వచ్చేసరికి మాత్రం కాళ్లు ఆగిపోయాయి. ద్వారబంధం నిండా లతలు. రాయిని చెక్కారనడానికి మనసొప్పదు, అంత లోతుకి ఉలి పోయింది. తీగ మెలికలో తీగ, ఆ మెలికల మధ్య చిన్న చిన్న మనుషులు. వెనక నుంచి తోపులాట, "నడండమ్మా నడండి" అని కేకలు. తల పైకెత్తి ఒక్క క్షణం చూసి లోపలికి వెళ్లాను.

లోపల చీకటి, నూనె వాసన, బిల్వదళాల వాసన. లింగం మీద ముఖం. లింగానికి వెనక, గోడకి ఆనించినట్టు పెద్ద మట్టి గోలెం. ఇంతకు ముందెప్పుడూ ఏ గర్భగుడిలోనూ ఇలాంటిది చూడలేదు. దాని నోరు, గుమ్మం వెడల్పు మనసులోనే కొలుచుకున్నాను. ఆ గుమ్మంలోంచి ఆ గోలెం పట్టదు.

బయటికి వచ్చాక పూజసామాన్ల కొట్టు దగ్గర కూర్చున్న పెద్దామె పెద్దమ్మకి కథంతా చెప్పింది. కొబ్బరికాయ, అగరొత్తులు, పళ్లు కలిపి ఎనభై రూపాయలకి ఆమె దగ్గరే తీసుకున్నాం. "గోలెం సూసినారా? సూడకపోతే మళ్లీ ఎల్లండి" అని మొదలుపెట్టింది. పిల్లల్లేని కుమ్మరి ఒకడు కొడుకు పుడితే పెద్ద గోలెం చేసి ఇస్తానని మొక్కుకున్నాడు. పుట్టాడు. గోలెం చేసి తెచ్చాడు, గుమ్మంలో పట్టలేదు. మొక్కు తీరలేదని రాత్రంతా గుడి ముందే పడి ఏడ్చాడు. తెల్లారి తలుపు తీస్తే గోలెం స్వామి వెనకాల ఉంది. పిల్లల కోసం మొక్కుకునేవాళ్లు ఇప్పటికీ ఆ గోలేన్ని చూసే దండం పెట్టుకుంటారు. 

స్వామి పుట్టిన కథ కూడా ఆమే చెప్పింది. ఇక్కడంతా అడవిగా ఉన్నప్పుడు సవర గిరిజనుల నాయకుడొకడికి ఇద్దరు భార్యలు. పెరట్లో ఇప్ప చెట్టు, కొమ్మలు ఇద్దరి వాటాల్లోకీ వాలి ఉండేవి. ఒకామె శివభక్తురాలు. ఆమె వైపు రాలిన ఇప్పపూలు బంగారంగా మారేవి, రెండో ఆమె వైపు మామూలుగానే రాలేవి. సవతుల గొడవ పడలేక నాయకుడు చెట్టు నరకబోతే మొదట్లోంచి శివుడు ముఖంతో బయటపడ్డాడు. మధుకమంటే ఇప్ప కాబట్టి మధుకేశ్వరుడు. "ఆ గొడవ లేకపోతే సామి బయటికి వచ్చీవోడు కాదు" అని నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వి, తన తోటికోడలి సంగతులు అందుకుంది. గంట గడిచిపోయింది.

నేను చదువుకుని వచ్చిందంతా కామార్ణవుడు, వజ్రహస్తుడు, చోడగంగు. కొట్టు దగ్గర కూర్చున్నంతసేపూ ఒక్క రాజు పేరు వినపడలేదు. గుడి కట్టించినవాళ్లు రాజులు. దేవుడిని కనిపెట్టింది సవరలు, దేవుడి వెనక చోటు దక్కించుకుంది కుమ్మరి. ఊరు గుర్తుపెట్టుకున్నది వాళ్లనే. ఈ రెండో చరిత్ర కూడా గుడిలో భాగమే అని, శిల్పం ఎంతో ఇదీ అంతే అని నాకు ఆ కొట్టు అరుగు మీద తెలిసొచ్చింది. 

అమ్మవారు వారాహి. సప్తమాతృకల్లో ఒకరు దేవేరిగా ఉండటం విశేషం. ఊరంతా లింగాలే. ఒకటి తక్కువ కోటి లింగాలున్నాయని చెప్పుకుంటారు, ఆ ఒక్కటీ ఉంటే కాశీ అయిపోయేదట. పొలం గట్టున, చెట్టు మొదట్లో, వాకిట్లో ముగ్గు పక్కన కూడా లింగం కనిపించింది. ఒకింటి ముందు చిన్నపాప లింగం మీద నీళ్లు పోసి, అదే చెంబుతో మందార మొక్కకీ పోసి లోపలికి పరిగెత్తింది.

భోజనానికి హోటళ్లు లేవు. కొట్టామె కోడలు, "అన్నం తినెల్లండి, పండగ పిండివంటలు కూడా ఉన్నాయి" అని లోపలికి పిలిచింది. వేడన్నం, కందిపప్పు, చిక్కుడుకాయ కూర, చివర్లో పాకుండలు. డబ్బులు ఇస్తే పుచ్చుకోరని తెలిసి, పెద్దమ్మ ఇంట్లో పిల్లవాడి చేతిలో రెండొందలు పెట్టింది. ఆ ఇల్లు గుడి గోడకి బాగా దగ్గర. గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, చట్టం ప్రకారం వంద మీటర్ల లోపు కొత్త కట్టడాలు కుదరవు. కొడుక్కి పెళ్లయింది, మేడ మీద గది వేసుకుందామంటే వీలు లేదు. "సామి పక్కన ఉన్నాం, సర్దుకోవాల" అన్నాడు ఇంటాయన. గుడి నిలవాలంటే ఆ నియమం ఉండాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. అయితే ఆ నియమం బరువు మోస్తున్నది ఎవరో ఆ ఇరుకు వరండాలో కూర్చుని తిన్నప్పుడే తెలిసింది.

మంగళవారం, మళ్లీ శ్రీముఖలింగం

పెద్దమ్మకి మోకాళ్ల నొప్పులు. నరసన్నపేటలో బంధువుల ఇంట్లో ఉండిపోయింది. నేను పొద్దున్నే మళ్లీ వెళ్లాను. చలికి వీధులు ఇంకా లేవలేదు. మధుకేశ్వరంలో అర్చకులు, ఊడ్చే ఆమె, నేను. నిన్న తోపులాటలో దాటిపోయిన ద్వారబంధం ముందు ఇవాళ తీరిగ్గా నిలబడ్డాను.

ఇది కళింగ శైలి. మన దక్షిణాది గుళ్లలాగా ముందు ఎత్తైన గోపురం, లోపల చిన్న విమానం కాదు. గర్భాలయం మీది శిఖరమే నేల నుంచి నిలువుగా లేచి, పైకి పోయేకొద్దీ లోపలికి ఒంగుతుంది. పైన ఉసిరికాయ ఆకారంలో ఆమలకం. ఆవరణలో మూలల్లో చిన్న గుళ్లు, పంచాయతన పద్ధతి. ఒడిశాలో తర్వాత ఆకాశమంత ఎత్తుకి ఎదిగిన శిఖరాలకి ముందు దశ ఎలా ఉండేదో ఇక్కడ కంటికి ఆనుతుంది. ఇక్కడ శిఖరం అంత ఎత్తుకి పోలేదు. మెడ నొప్పి పుట్టకుండా చివరి దాకా చూడొచ్చు, మనిషికి దగ్గరగా ఉంటుంది.

స్తంభాల మీద శాసనాలు. ఎక్కువ భాగం దానాలే: స్వామికి అఖండ దీపం వెలిగించడానికి ఫలానా వాళ్లు ఇన్ని మాడలు (ఆనాటి బంగారు నాణేలు) ఇచ్చారని. వెయ్యేళ్ల కిందటి అక్షరం నేను చదవలేను, వేలితో తాకకుండా దగ్గరగా చూశానంతే. ఆ అక్షరాలను పట్టుదలగా చదివిన మనిషి ఈ ఊరికి దగ్గర్లోని పర్వతాలపేటలోనే పుట్టాడు: గిడుగు వెంకట రామమూర్తి, 1863 ఆగస్టు 29. మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆ రోజే. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరాక, ఈ గుడి శాసనాల లిపిని గురువు లేకుండా నేర్చుకుని చదివారు. ముఖలింగమే కళింగనగరమని వాదించి, వ్యాసాలు రాశారు. పక్క ఊరి పేరు నేటికీ నగరికటకం.

అదే మనిషి సవరల భాషా నేర్చుకున్నారు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాటా పట్టుకున్నారు, వాళ్ల పిల్లల కోసం బడులు నడిపారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం అచ్చయింది. నిన్న కొట్టామె చెప్పిన కథలోని సవరలు, ఇవాళ నేను చూస్తున్న రాజుల అక్షరాలు, రెండూ ఒక్క మనిషికి పట్టాయి. పండితుల గ్రాంథికంతో పోరాడి వాడుక భాషను బడిలోకి తెచ్చిన ఆ పట్టుదలకి బీజం ఈ ఊరి గాలిలోనే పడిందని నా నమ్మకం. గుడి ముందు ఆ సంగతి చెప్పే పెద్ద రాతిపలక ఒకటి ఉండాలి. బడి పిల్లలని బస్సుల్లో తీసుకొచ్చి, ఈ స్తంభం ముందు కూర్చోబెట్టి చెప్పాలి.

అక్కడి నుంచి సోమేశ్వరం. ముందు మండపం లేదు. ఒక్క గర్భాలయం, దాని మీద శిఖరం, అంతే. అందుకే నాకు మూడింటిలోకీ ఇదే ఎక్కువ నచ్చింది. దాపరికం లేకుండా మొత్తం గుడి ఒక్క చూపులో పడుతుంది. ద్వారానికి రెండు పక్కలా గంగా యమునలు, పైకమ్మీ మీద నవగ్రహాలు. గోడల గూళ్లలో దేవతలు. పొద్దుటి ఎండ పక్కవాటంగా పడి ఒక్కొక్క నగ నీడ విడిగా కనబడింది. చూడదలచినవాళ్లు ఆ వేళకే రావాలి. మధ్యాహ్నం ఎండలో రాయంతా ఒకే బూడిద రంగులోకి పోతుంది.

గోడ వైపే చూస్తూ తిరుగుతుంటే పొందూరు పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు ఆపారు. "ఏటమ్మా, బయటే తిరుగుతన్నారు, లోన సామిని సూసినారా?" సూశానన్నాను. అయినా నమ్మలేదు, మళ్లీ లోపలికి తీసుకెళ్లి దండం పెట్టించి, అప్పుడు నాతో పాటు గోడ దగ్గరకి వచ్చారు. ఒక గూట్లోని బొమ్మ చూపించి, చిన్నప్పుడు వాళ్ల నాన్న దీని పక్కన గడ్డివాము వేసుకునేవాడని, పండక్కి సున్నం వేయడానికి వస్తే ఊళ్లోవాళ్లే వద్దన్నారని చెప్పారు. ఒక శిల్పం ముఖం నిండా ఎవరో కుంకుమ, నూనె పూసి ఉన్నారు. అది పూజ అయినా రాయికి చేటే. ఆ మాట మెల్లిగా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "నిజమే, మొహం జిడ్డోడతంది" అని, తన తువ్వాలుతో తుడవబోయారు. తుడవడం కూడా వద్దని ఆపాను.

భీమేశ్వరం బాగా శిథిలమైంది. గోడల మీద కుమారస్వామి, దక్షిణామూర్తి, నాలుగు ముఖాల బ్రహ్మ, గణపతి ఉన్నారు. మొదటి రెండు గుళ్లు చూశాక పనితనం ఇక్కడ పలచబడినట్టే ఉంటుంది. త్వరగా చూసి బయటికి వచ్చాను.

పెద్దాయన నన్ను ఏటి దాకా నడిపించారు. జనవరిలో వంశధార సగం ఇసుక, సగం నీరు. ఆడవాళ్లు మోకాళ్ల లోతులో దాటి అవతల పొలాలకి పోతున్నారు, నెత్తిమీద అన్నం గిన్నెలు. శివరాత్రి తర్వాత చక్రతీర్థ స్నానానికి స్వామిని నంది వాహనం మీద ఇక్కడికే తెస్తారు. ఇసుక మీద కాలు పెట్టే చోటుండదని, చుట్టుపక్కల ఊళ్లే కాక ఒడిశా వైపు నుంచీ జనం వస్తారని, వాహనం మోసే వంతు కోసం కుర్రాళ్లు ముందే పేర్లు చెప్పుకుంటారని చెప్పారు. ఆయన కూడా మోశారట. ఏ భుజం మీదని అడిగితే కుడిభుజం చొక్కా తప్పించి, కాయ కాసిన చోటు చూపించారు.

నరసన్నపేట బస్టాండులో తేగలు ముప్పై రూపాయలకి కట్ట కొన్నాను, పెద్దమ్మకి ఇష్టమని. చక్రతీర్థం మాట చెప్పగానే ఆవిడ తేగ ఒలుస్తూనే లెక్క మొదలుపెట్టింది. శివరాత్రికి ఎవరింట్లో పడుకోవాలి, కొట్టామెకి ముందుగా ఫోను చేయాలా, కోడలికి చీర తీసుకెళ్లాలా అని. నంబరు నిన్ననే తీసుకుని పెట్టుకుందట.